మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ముఖం చూపించాలా, బ్లాగు రాయాలా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత ముందు చెప్తాను. మీది మంగళగిరి. మామగారు ఇంట్లో రెండు మగ్గాల మీద నేస్తారు, చుట్టుపక్కల ఇంకో నాలుగిళ్ల చీరలు కూడా మీరే అమ్మిపెడతారు. 8 నెలల కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టారు. రోజూ ఫోటోలు పెడుతున్నారు, 1,100 మంది ఫాలోవర్లు వచ్చారు, కానీ తెలియనివాళ్ల నుంచి వచ్చిన ఆర్డర్లు తొమ్మిదే. ఇంతలో ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి ‘పర్సనల్ బ్రాండింగ్ ప్యాకేజీ’ 25,000 అన్నారు, మీరు కెమెరా ముందుకు రావాల్సిందే అన్నారు. అత్తగారికి అది ఇష్టం లేదు. ఇక చివర్లో, ఈ రోజుల్లో బ్లాగులు ఎవరు చదువుతారని అడిగారు.

అక్కా అని పిలిచారు కాబట్టి అక్కలాగే చెప్తాను. నాది విజయవాడ. 2009 నుంచి చీరాల, మంగళగిరి, వెంకటగిరి నేత చీరలు అమ్ముతున్నాను. మొదట ఇంటి ముందు గదిలో, తర్వాత ఫేస్‌బుక్‌లో, ఇప్పుడు అన్నిట్లో. బ్లాగు మొదలుపెట్టింది 2012లో. నేను చదువుకున్న మార్కెటింగ్ ఏమీ లేదు. చెప్పేదంతా చెయ్యి కాలి నేర్చుకున్నదే.

మొదటి మాట: ఆ 25,000 ఇవ్వకండి. ఏజెన్సీలన్నీ మోసం అని కాదు. మీ దగ్గర వాళ్లు ప్రచారం చేయడానికి ఇంకా ఏమీ పోగవలేదు, అందుకు. ఇప్పుడు డబ్బు కడితే నెలకి పన్నెండు పోస్టర్లు, మూడు రీల్స్, ఒక లోగో ఇస్తారు. ఆ పోస్టర్లలో ‘మంగళగిరి’ తీసేసి ‘నారాయణపేట’ అని పెట్టినా ఏమీ తేడా రాదు. పండక్కి బంధువులు ఫోన్ చేసి ‘నీ పేజీ బాగుందే’ అంటారు. చీర మాత్రం అడగరు.

మీ పేజీ చూశాను. ఫోటోలు బాగానే ఉన్నాయి. కానీ ప్రతి ఫోటో కిందా ఒకటే వాక్యం: ‘ప్యూర్ మంగళగిరి కాటన్, ప్రీమియం క్వాలిటీ, ధర కోసం మెసేజ్ చేయండి.’ ఈ వాక్యాన్ని మీ ఊళ్లో మగ్గం మొహం చూడనివాళ్లు కూడా రాస్తున్నారు. మరమగ్గం మీద నేసిన బట్ట అమ్మేవాడూ ఇదే రాస్తాడు. ఇంట్లో మగ్గం ఉన్న మనిషికీ వాడికీ తేడా ఏంటో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ తేడా తెలియజేయడమే మీరు అడిగిన పర్సనల్ బ్రాండింగ్. ఇంకేం లేదు.

మీరు పోయిన వారం పెట్టిన వంకాయ రంగు చీరనే తీసుకుందాం. నేనైతే దాని కింద ఇలా రాస్తాను:

‘వంకాయ రంగు ఒళ్లు, పసుపు అంచు, అంచులో జరీ నిజాం డిజైన్. మా మామయ్య గుంట మగ్గం మీద నేశారు, ఈ పడుగులో ఇది మూడో చీర. పడుగూ పేకా రెండూ 80 నంబరు నూలు. జాకెట్టు ముక్క చీరలోనే ఉంది. ఫోటో పొద్దున్న ఎనిమిదింటికి వసారాలో తీశాను, రాత్రి లైటు కింద ఇంకాస్త నల్లగా కనిపిస్తుంది. ముదురు రంగు కాబట్టి మొదటి రెండు ఉతుకుల్లో కొద్దిగా రంగు వదులుతుంది, విడిగా ఉతకండి. ధర 1,850, కొరియర్ విడిగా. ఒక్కటే ఉంది.’

మగ్గం సంగతి తెలియనివాళ్లు చదువుతుంటే: పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులు, పేకంటే అడ్డంగా నేసేవి, నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. నూలు నంబరు, ధర నేను ఊహించి రాసినవి, మీవి మీరు వేసుకోండి. ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు, చూశారా? ‘రంగు వదులుతుంది అని మనమే చెప్తే ఎవరు కొంటారక్కా’ అంటారేమో. నేనూ అలాగే భయపడ్డాను. జరిగేది ఏంటంటే, లోపం ముందే చెప్పినవాళ్లు మిగతావి కూడా నిజమే చెప్తున్నారని జనం నమ్ముతారు. ఇంకోటి, రంగు పోయిందని తర్వాత గొడవ పెట్టుకునేవాళ్లు తగ్గిపోతారు. ముందే చదివారు కదా.

ధర మాత్రం తప్పకుండా రాయండి. మెసేజ్ చేసి ధర అడగడం చాలామందికి మొహమాటం. అడిగాక ఎక్కువనిపిస్తే ‘వద్దు’ అని చెప్పడం ఇంకా పెద్ద మొహమాటం. అందుకని అసలు అడగరు. ధర రాస్తే పక్కవాళ్లు చూసి తగ్గించి అమ్ముతారని మీకు టెన్షన్ ఉండొచ్చు. వాళ్లకి మీ ధర ఎలాగూ తెలుసు, ఒకటే ఊరు కదా.

రంగుల పేర్ల గురించి కూడా ఒక మాట. మీరు ‘గ్రీన్’, ‘పింక్’, ‘పర్పుల్’ అని రాస్తున్నారు. మనకి చిలకాకుపచ్చ ఉంది, నెమలికంఠం ఉంది, ఉల్లిపొర రంగు ఉంది, నేరేడు, గంధం, తమలపాకు పచ్చ ఉన్నాయి. మా అమ్మ తరం వాళ్లు షాపులో అడిగేది ఇలాగే. ఇప్పుడు వాళ్లు ఫోన్ దగ్గర పెట్టుకుని ‘ఉల్లిపొర రంగు కాటన్ చీర’ అని నోటితో చెప్పి వెతుకుతున్నారు. తెలుగులో ఆ మాట రాసిన పేజీలు తక్కువ కాబట్టి రాసినవాళ్లే ముందు కనిపిస్తారు. పక్కనే ‘ఆనియన్ పింక్’ అని కూడా ఒకసారి రాయండి, అమెరికాలో పెరిగిన పిల్లలకి అది తెలుస్తుంది.

ఇక ముఖం సంగతి.

ముఖం చూపించక్కర్లేదు. వీడియోలు మొదలుపెట్టాక నేను మొదటి నాలుగేళ్లు చూపించలేదు. మా ఇంట్లో అత్తగారి అభ్యంతరం కాదు, నాకే సిగ్గు. చీర మడత విప్పుతున్న చేతులు, వెనక నా గొంతు, అంతే. 2015లో హైదరాబాద్‌లో ఒక చేనేత ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టాను. ఒకావిడ చీరలు తిరగేస్తోంది. నేను పక్కన ఇంకొకరికి ఏదో చెప్తున్నాను. ఆవిడ ఠక్కున తలెత్తి ‘మీరు ఉల్లిపొర రంగు అక్క కదూ!’ అంది. పేరు కూడా తెలియదు ఆవిడకి. గొంతు గుర్తుపట్టింది, ఆ మాట గుర్తుపెట్టుకుంది. ఆ రోజు మూడు చీరలు కొంది. తర్వాత వాళ్ల అక్కచెల్లెళ్లు, ఆడపడుచు, ఆఫీసులో ఇద్దరు. అదీ బ్రాండ్ అంటే, మీ ఏజెన్సీ వాళ్లు ప్యాకేజీ కట్టి ఇవ్వలేనిది.

కంట్రీ ఫుడ్స్ చానల్‌లో వందేళ్లు దాటిన మస్తానమ్మ పొలాల్లో కట్టెల పొయ్యి మీద వండుతుంటే ప్రపంచమంతా చూసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ మై విలేజ్ షోలో తన యాసలో తాను మాట్లాడితే బిగ్ బాస్ దాకా వెళ్లింది. వాళ్లకి ఎవరూ మేకప్ వేసి, ఇంగ్లిష్ ముక్కలు నేర్పి కూర్చోబెట్టలేదు. వాళ్లంత పేరు మనకి రావాలని కాదు, అవసరమూ లేదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడితే చాలని చెప్పడానికి అన్నాను. మీ పేజీలో ఉన్న రెండు వీడియోల్లో ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్’ అని గొంతు మార్చి మాట్లాడుతున్నారు. అది మీరు కాదని వినేవాళ్లకి తెలిసిపోతుంది.

మీ మామగారు ఒప్పుకుంటే ఆయన చేతులు తీయండి. కండె (పేక నూలు చుట్టిన పుల్ల) మార్చడం, తెగిన పోగు ముడేయడం, అంచు దగ్గర జరీ సరిచేయడం. ఒక్కొక్కటి ఇరవై సెకన్లు. పాట పెట్టకండి. బిజినెస్ అకౌంట్‌లో సినిమా పాటలు చాలావరకు ఎలాగూ దొరకవు. దొరికినా, పేక పోగుని మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు కంటే అవి ఏం ఎక్కువ? మీకు రోజూ విని విసుగొచ్చి ఉంటుంది. న్యూజెర్సీలో కూర్చున్న మంగళగిరి ఆడపడుచుకి ఆ చప్పుడు వింటే పుట్టిల్లు గుర్తొస్తుంది. కెమెరాకి మాత్రం ఆయన్ని నటించమని అడగకండి, ‘మామయ్యా, ఇంకోసారి నవ్వండి’ అంటే రెండో రోజు నుంచి ఫోన్ చూస్తేనే లేచి వెళ్లిపోతారు. మా ఇంట్లో మా ఆయనతో జరిగింది.

పేరు విషయం త్వరగా చెప్పేస్తాను. పేజీకి ఇంటిపేరో మగ్గం పేరో పెట్టి, రాసేది మాత్రం మీ సొంత పేరుతో రాయండి. అన్నిచోట్లా ఒకటే పేరు, ఒకటే ఫోటో. ఇంకో సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ దాని మీదే పెట్టండి. ఇంటి నంబరు పేజీలో పెట్టారు, ఈ రాత్రే తీసేయండి. అర్ధరాత్రి వీడియో కాల్స్ మొదలయ్యాక తీసినా లాభం ఉండదు.

ఇప్పుడు మీరు చివర్లో మొహమాటంగా అడిగిన ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. బ్లాగు.

2021 అక్టోబర్ 4, సోమవారం. మూడు రోజుల్లో దసరా నవరాత్రులు మొదలు. తొమ్మిది రోజులకి తొమ్మిది రంగుల చీరలు ఫోటోలు తీసి, రాత్రి తొమ్మిదింటికి పెడదామని కూర్చున్నాను. ఫేస్‌బుక్ లేదు. ఇన్‌స్టా లేదు. వాట్సాప్ లేదు. మూడూ ఒకే కంపెనీవి, మూడూ ఒకేసారి పడుకున్నాయి, దాదాపు ఆరు గంటలు. మన ఇంటి వైఫై పోయిందనుకుని మా అబ్బాయిని తిట్టాను కూడా. నాకు ఆ రాత్రి తట్టిన విషయం ఒక్కటే: నా 12 ఏళ్ల వ్యాపారంలో కస్టమర్లందరి చిరునామాలూ వేరేవాడి తాళం కింద ఉన్నాయి.

అది ఆరు గంటలతో పోయింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు మాత్రం తిరిగి రాలేదు. నాకు తెలిసిన ఒక అమ్మాయి గాజులు, జడగంటలు అమ్మేది అందులోనే. రాత్రికి రాత్రి మొత్తం పోయింది. ఆమె దగ్గర కొనేవాళ్లెవరో, ఎక్కడుంటారో ఒక్కరి నంబరు కూడా ఆమె దగ్గర లేదు. అంతకుముందు ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది. ఇన్‌స్టా పోతుందని నేను అనను. కానీ అది సంత. సంతలో గట్టిగా కేకేయాలి, జనం వస్తారు, చూస్తారు. రేపు సంత ఇంకో ఊరికి మారొచ్చు, మీ చోటు ఇంకొకడికి ఇవ్వొచ్చు. కొట్టు మాత్రం మన వీధిలో మన తాళంతో ఉండాలి. బ్లాగు అంటే ఆ కొట్టు.

బ్లాగులు ఎవరు చదువుతారంటే, నిజమే, ఒకప్పటిలా రోజూ వచ్చి చదివేవాళ్లు లేరు. నేను మొదలుపెట్టిన రోజుల్లో కూడలి, జల్లెడ, మాలిక లాంటి చోట్ల తెలుగు బ్లాగులన్నీ ఒకే పేజీలో కనిపించేవి. పొద్దున్న కాఫీతో పాటు చదివేవాళ్లం, కామెంట్లలో పోట్లాడుకునేవాళ్లం. ఆ కాలం అయిపోయింది. ఇప్పుడు వచ్చేది ఒక అవసరంతో వచ్చే మనిషి. రేపు పెళ్లికి కట్టుకోవాల్సిన కాటన్ చీర మీద నూనె మరక పడింది, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వెతుకుతోంది. నా బ్లాగులో ఇప్పటికీ ఎక్కువమంది చదివేది 2014లో రాసిన ఒక పోస్టు, ‘కాటన్ చీరకి గంజి ఎలా పెట్టాలి’. అందులో చీర అమ్మకం గురించి ఒక్క ముక్క లేదు. సగ్గుబియ్యం ఎంత, నీళ్లెంత, జరీ అంచు దగ్గర గంజి ఎందుకు పలచగా ఉండాలి, ఎండలో కాక నీడలో ఎందుకు ఆరేయాలి, అంతే. చివర్లో నా పేరు, ఊరు, నంబరు. ‘గంజి గురించి రాసింది మీరే కదండీ’ అని మొదలయ్యే ఫోన్లు నాకు ఇప్పటికీ వస్తాయి. ఆ ఫోన్ చేసినవాళ్లు బేరం తక్కువ ఆడతారు, ఇది మాత్రం నేను చాలాసార్లు గమనించాను. అప్పటికే మన దగ్గర ఏదో తీసుకున్నట్టు వాళ్లకి అనిపిస్తుందేమో.

మరి ఏం రాయాలి? మీ వాట్సాప్ తెరిచి, గత 8 నెలల్లో మిమ్మల్ని అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. నిజంగా కాగితం మీద. మంగళగిరి చీరకీ చీరాల చీరకీ తేడా ఏంటి? ఉతికితే కుదించుకుపోతుందా? జరీ నల్లబడుతుందా? 80కీ 100కీ తేడా చేతికి ఎలా తెలుస్తుంది? ఒకే రంగు ఆరు చీరలు కావాలంటే ఎన్ని రోజులు? అమెరికాకి పంపిస్తారా? ఇదే రంగు మళ్లీ ఎందుకు దొరకదు? ఒక్కో ప్రశ్న ఒక్కో పోస్టు. మీరు ఇప్పటికే వీటికి జవాబు చెప్పారు, విడివిడిగా, ఒక్కొక్కరికి, వాయిస్ మెసేజీల్లో. ఆ శ్రమంతా అక్కడే ఇంకిపోతోంది.

‘ఇదే రంగు మళ్లీ ఎందుకు దొరకదు’ అన్నదాన్నే చూడండి. కొనేవాళ్లకి అది విసుగు, మీకు అది రోజూ ఉండే పని. నూలు చిలపలు (నూలు చుట్టలు) రంగు తొట్టిలో ముంచే మనిషి చెయ్యి, ఆ రోజు నీళ్లు, ఎంతసేపు ఉంచాడు, వీటిని బట్టి ప్రతి విడతకీ రంగు ఒక వెంట్రుకవాసి మారుతుంది. అందుకే ఒక పడుగు అయిపోయాక అచ్చం అదే రంగు మళ్లీ రావడం కష్టం. ఇది నాలుగు పేరాల్లో, రెండు విడతల చిలపలు పక్కపక్కన పెట్టి తీసిన ఒక ఫోటోతో రాయండి. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ లింకు పంపండి. డాలస్ నుంచి అడిగే మనిషికి పగలైనప్పుడు మీకు రాత్రి. మీరు నిద్రపోతుంటే ఆ పేజీ జవాబు చెప్తుంది.

ఇంకొకటి మీరు తప్పక రాయాల్సింది, చేనేతా మరమగ్గమా ఎలా గుర్తుపట్టాలన్నది. ఇక్కడ జాగ్రత్త. చాలామంది ‘అంచు పొడవునా సన్న రంధ్రాలుంటే చేనేత’ అని రీల్స్ చేస్తున్నారు. మగ్గం మీద బట్టని వెడల్పుగా సాగదీసి పట్టే కర్ర మొనలు గుచ్చుకుని ఆ రంధ్రాలు పడతాయి, నిజమే. కానీ మరమగ్గాల మీద కూడా బట్ట పట్టే ముళ్లు ఉంటాయి, అక్కడా రంధ్రాలు పడతాయి. ఆ ఒక్క గుర్తు చూసి తేల్చకూడదు. తిరగేసి చూడాలి, నేతలో చిన్నచిన్న తేడాలు చూడాలి, చేనేత బట్టకి ప్రభుత్వం 2006 నుంచి ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో చూడాలి, అన్నిటికంటే అమ్మేవాళ్లని ఏ మగ్గం, ఎవరు నేశారని అడగాలి. రీల్‌లో ముప్ఫై సెకన్లలో అర్ధసత్యమే పడుతుంది. మిగతా సగం చెప్పడానికి చోటు బ్లాగులోనే ఉంటుంది. ఆ సగం చెప్పినవాళ్లే ఈ విషయంలో తెలిసినవాళ్లుగా మిగులుతారు.

ఎక్కడ పెట్టాలంటే, మొదట్లో గూగుల్ వాళ్ల బ్లాగర్ చాలు, ఉచితం. సొంత డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, ఒకటి కొని దానికి తగిలించండి, ఏడాదికి ఒక మామూలు చీర ఖరీదు కూడా కాదు. కానీ ఆ పేరు మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో, మీరే కొనండి. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను. 2016లో ఒక కుర్రాడు నాకు వెబ్‌సైటు చేసిపెట్టాడు, మంచివాడే. డొమైన్ తన పేరు మీద తీసుకున్నాడు, అది తప్పని నాకూ తెలియదు, అతనికీ పట్టలేదు. రెండేళ్లకి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, నంబరు మారింది. రెన్యువల్ తేదీ దాటిపోయింది. ఒక పొద్దున్న నా సైటు పేరు కొడితే ఏదో జూదం పేజీ వచ్చింది. కస్టమర్లు ఫోన్ చేసి ‘అక్కా, మీరు ఇదేం వ్యాపారం మొదలుపెట్టారు’ అని అడిగారు. నవ్వుకోవడానికి ఇప్పుడు బాగుంది. రెండేళ్ల రాతల్లో సగం, పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి, ఒక్కొక్కటీ కాపీ చేసుకున్నాను. ఫోటోలు చాలావరకు పోయాయి. అప్పటినుంచి నెలకోసారి బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెడతాను. అందులో వ్యాఖ్యలతో సహా రాతంతా వచ్చేస్తుంది. అలాగే ఇన్‌స్టాకీ, గూగుల్ అకౌంట్‌కీ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కాక ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి. ‘మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, ఈ లింకు నొక్కండి’ అని మెసేజ్ వస్తే నొక్కకండి, ఎంత భయంగా రాసినా సరే.

తెలుగు టైపింగ్ రాదన్నారు. ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్ పెట్టి మైకు నొక్కి మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది. ‘పేక’ని ‘పేకాట’ చేస్తుంది అప్పుడప్పుడు, దిద్దుకోవాలి. కంప్యూటర్ అయితే ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే లేఖిని సైటు ఉంది. చాట్‌జీపీటీ లాంటివాటితో రాయించుకోవచ్చా అని కూడా అడిగారు. అచ్చుతప్పులు దిద్దించుకోండి, ఇంగ్లిష్‌లోకి మార్పించుకోండి. మొత్తం రాయించుకుంటే మాత్రం మళ్లీ ‘ప్యూర్ కాటన్, ప్రీమియం క్వాలిటీ’ దగ్గరికే వస్తారు. మీ మామగారి పడుగులో అది మూడో చీర అని దానికి తెలియదు కదా.

ఎంత తరచుగా? పదిహేను రోజులకి ఒక పోస్టు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే రెండో నెలలో ఆపేస్తారు, ఇంటి పని, పిల్లల పరీక్షలు, శ్రావణ మాసం ఆర్డర్లు ఉంటాయి. ఆ ఒక్క పోస్టులోంచే రెండు వారాలకి సరిపడా ఇన్‌స్టా ముక్కలు కోసుకోవచ్చు. రెండు ఫోటోలు, రెండు చిన్న వీడియోలు, ఒక ప్రశ్న. ఇన్‌స్టాలో ఫోటో కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి బ్లాగు చిరునామా పైన బయోలో పెట్టండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపడం) గురించి ఒక చిక్కు తెలుసుకోండి: అవతలివాళ్లు మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకుంటేనే అది అందుతుంది. చీర పంపేటప్పుడు పెట్టెలో చిన్న చీటీ మీద ‘మా నంబరు ఈ పేరుతో సేవ్ చేసుకోండి, కొత్త చీరలు పంపిస్తాం’ అని చేత్తో రాసి పెట్టండి. నాకు ఏ ప్రకటన కంటే ఆ చీటీ ఎక్కువ పని చేసింది.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా మీ ఇల్లు నమోదు చేయండి, ఉచితమే. పానకాల స్వామి దర్శనానికి వచ్చేవాళ్లు, ఎయిమ్స్‌కి వచ్చేవాళ్లు ‘దగ్గర్లో చేనేత చీరలు’ అని వెతుకుతారు. ఇన్‌స్టాలో దూరపువాళ్ల వెంట పడుతూ గుమ్మం ముందు నుంచి వెళ్లేవాళ్లని వదిలేయడం చాలామంది చేసే పని, నేనూ చేశాను.

ఒక చేదు విషయం. ఎప్పుడో ఒకప్పుడు మీ చీర ఒకటి పాడవుతుంది, ఎవరో ఒకరు అందరి ముందూ రాస్తారు. 2018లో నేను అమ్మిన నేరేడు రంగు చీరల విడత ఒకటి తేడా వచ్చింది. 14 అమ్మాను. మొదట ఒకావిడ తెల్ల అంచు మీద రంగు ఎక్కిన ఫోటో పెట్టి ‘ఇదేనా మీ చేనేత’ అని కామెంట్ రాసింది. నా చెయ్యి డిలీట్ మీదకే వెళ్లింది. వణుకు కూడా వచ్చింది. ఒక గంట ఆగి, అదే నేరేడు రంగు ముక్క ఇంట్లో ఉంటే నీళ్లలో వేసి చూశాను. నీళ్లు ఊదా రంగులోకి మారాయి. తప్పు నాదే, రంగు వేయించాక పరీక్ష చేయకుండా అమ్మాను. ఆ గిన్నె ఫోటోనే తీసి బ్లాగులోనూ పేజీలోనూ పెట్టాను: ‘ఈ విడత నేరేడు రంగు చీరలు కొన్న 14 మందీ వెనక్కి పంపండి, కొరియర్ ఖర్చు మాదే.’ ఆరుగురు పంపారు. మిగతావాళ్లు వద్దన్నారు. ఆ నెల నష్టమే. మొదట కామెంట్ పెట్టిన ఆవిడ ఇప్పటికీ నా దగ్గరే కొంటుంది, ఏటా అట్లతద్దికి. ఆ పోస్టు తీసేయమని మా తమ్ముడు చాలాసార్లు అన్నాడు. తీయలేదు.

దీనికి వ్యతిరేకం, ఊరికే చీరలిచ్చి పొగిడించుకోవడం. యూట్యూబ్‌లో పేరున్న అమ్మాయి ఒకరు ఉచితంగా రెండు చీరలిస్తే వీడియో చేస్తానన్నారని రాశారు. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ చీర ఉచితంగా ఇచ్చారని ఆమె వీడియోలో స్పష్టంగా చెప్పాలి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ తెచ్చిన మార్గదర్శకాలు, 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా వస్తువు ఇచ్చినా ఆ సంబంధం బయటపెట్టాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే చట్టంలో మొదటిసారికి 10 లక్షల దాకా జరిమానా ఉంది. మనలాంటి వాళ్ల దాకా వస్తారా అని కాదు, చెప్పకుండా పొగిడినట్టు బయటపడితే నష్టం ఆమెకంటే మీకే. కస్టమర్లు కట్టుకుని పంపిన ఫోటోలు కూడా అడిగి, సరేనన్నాకే పెట్టండి. స్క్రీన్‌షాట్లలో నంబర్లు చెరిపేయండి, మీ పేజీలో రెండిట్లో కనిపిస్తున్నాయి.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి ఏం చేయాలన్నారు. ఆ రోజు ఇన్‌స్టా అంతా ఒకే శుభాకాంక్షల పోస్టర్‌తో నిండిపోతుంది. మీరు పోస్టర్ పెట్టకండి. పొద్దున్న మామగారు మగ్గం గుంటలోకి దిగే దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఎంత నేశారో, ఆ బట్టని టేపుతో కొలిచి చూపించండి. దానికి ఎంత గిట్టుబాటైందో రాయడానికి ఆయన ఒప్పుకుంటే అది కూడా రాయండి. చీర ధర ఎందుకంత అని అడిగేవాళ్లకి అంతకంటే మంచి జవాబు ఉండదు.

ఆరు నెలలు ఇలా చేసి చూడండి. ఫాలోవర్ల సంఖ్య లెక్కపెట్టుకోకండి, నెలకోసారి ఒక పుస్తకంలో రెండు విషయాలే రాసుకోండి: తెలియనివాళ్లు ఎంతమంది అడిగారు, వాళ్లు మిమ్మల్ని ఎక్కడ చూశామని చెప్పారు. అడిగితే చెప్తారు. మూడో నెలకి ఏది రాయడం మానేయాలో, ఏది ఇంకా రాయాలో ఆ పుస్తకమే చూపిస్తుంది. మొదటి పోస్టు రాశాక లింకు ఇక్కడ పెట్టండి, తప్పులుంటే దిద్దుతాను.

అన్నట్టు, మీ పేజీలో మూడో వరసలో గంధం రంగు చీర ఒకటి ఉంది, మెరూన్ అంచు. మార్చిలో పెట్టినట్టున్నారు. ఇంకా ఉంటే మా వదినకి కావాలి. ఎంతో రాయలేదు మీరు.